ఒక్క మ్యాచ్‌కే ఇంటికా?

సంక్రాంతికి చండ్రుగొండలో టెన్నిస్ బాల్ టోర్నీ. మొదటి మ్యాచ్ మాదే. అవతలివాళ్లు 10 ఓవర్లలో 138 బాదారు, మేం 29కే ఆలౌట్. ఆఖర్న దిగిన మా తమ్ముడైతే ఒక్క బంతీ ఆడకుండానే నాటౌట్!

ఓడినందుకు కాదు నా గొడవ, వాళ్లు నిజంగానే బాగా ఆడారు. కానీ నాకౌట్ కదా, తలా వంద వేసుకుని ఫీజు కడితే గంటన్నరలో మా సీజన్ ఖతం. డెక్కన్ ఛార్జర్స్ 2008లో 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది, 2009లో కప్పు కొట్టింది. ఓడటానికైనా 14 మ్యాచ్‌లు దొరికాయి వాళ్లకి!

నాలుగేసి టీంలతో గ్రూపులు చేస్తే తలా మూడు మ్యాచ్‌లొస్తాయి. టైం చాలదంటారా? ఆరు ఓవర్లే పెట్టండి. కావాలంటే ఫీజు ఇంకో యాభై ఎక్కువ తీసుకోండి, మా తమ్ముడి వాటా కూడా నేనే కడతా.