పాటలోని పలుకును వేరుగా వినుట

పాలును నీరును కలిపి యుంచినను హంస పాలను మాత్రమే గ్రహించునని మన పెద్దలు చెప్పుదురు. వాద్యములతో కలిసిపోయిన పాటనుండి గాయకుని గొంతును వేరుచేయు సాధనములు నేడు ఇంటి కంప్యూటరులోనికే వచ్చినవి. అయితే వీనిని వాడువారిలో పలువురు గొంతును తీసివేసి, వాద్యములను మిగుల్చుకొని, వానిపై తాము పాడుటకే వాడుచుందురు. అది తప్పని మేము అనము. కాని అట్లు పారవేయు గొంతే మనవంటి వారికి ఎక్కువ విలువైనదని మా అభిప్రాయము.

ఏలయనగా, హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. గడప దాటినంతనే తమిళము. 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము నిర్బంధ పాఠ్యభాష యైనది. పొరుగువారి భాషను నేర్చుట మనకు మేలే. కాని తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు అక్షర మొక్కటే. ఆ లిపికి అలవాటుపడిన బాలుడు ‘ఘనము’ను ‘గనము’గను, ‘ధనము’ను ‘దనము’గను చదివిన, దోషము వానిది కాదు. వాని చెవికి ఆ ధ్వనులు తరచుగా వినబడకుండుటయే కారణము. చెవికి రానిది నాలుకకు రాదు.

ఈ కొరతను తీర్చుటకు మంచి పాటవంటి గురువు లేదు. మలయాళ దేశమున పుట్టిన పి. లీల, 1963లో వచ్చిన ‘లవకుశ’ చిత్రమున పి. సుశీలతో కలిసి పాడిన తెలుగును వినుడు. పుట్టుకతో రాని భాషను సయితము అంత స్పష్టముగ పలుకవచ్చునని ఆమె గొంతు చాటుచున్నది. ఆ పలుకును వాద్యముల మరుగు లేకుండ వినగలిగిన, బాలుడు ఒక్కొక్క అక్షరమును పట్టుకొనగలడు.

వేరుచేయు పద్ధతులు రెండు గలవు. మొదటిది పాతది. స్టీరియో పాటలో గాయకుని గొంతు సాధారణముగ కుడి ఎడమల రెంటను సమానముగ నుండును. ఒకదానినుండి మరొకదానిని తీసివేసిన, గొంతు అణగి, ప్రక్కలనున్న వాద్యములు మిగులును. కాని గొంతును మాత్రము పొందుటకు ఇది పనికిరాదు. ఇక ‘లవకుశ’ నాటి పాటలు మోనో ధ్వనిముద్రణలు; రెండు ప్రక్కలును ఒక్కటే గనుక తీసివేసిన మిగులునది నిశ్శబ్దమే.

రెండవది యంత్రమునకు నేర్పు పద్ధతి. గొంతును వాద్యములును విడివిడిగా ముద్రించిన పాటలను యంత్రమునకు చూపి, దేని ధ్వని యెట్లుండునో నేర్పుదురు. డీజరు సంస్థవారు 2019లో వెలువరించిన ‘స్ప్లీటరు’, ఫేస్‌బుక్ పరిశోధకుల ‘డెమ్యూక్స్’ ఇట్టివి. రెండును ఉచితముగనే లభించును. మోనో పాటలపైనను ఇవి పనిచేయును.

అయినను యంత్రము హంస కాదు. అది ఊహించునే గాని యెరుగదు. ఇట్టి యంత్రములకు పేరొందిన శిక్షణ సంపుటమైన ‘మ్యూస్‌డీబీ 18’లో నున్నవి 150 పాటలు; వానిలో హెచ్చు పాశ్చాత్య సంగీతమే. తిరువయ్యారున నివసించి త్యాగరాజస్వామి తెలుగున రచించిన కీర్తనలను మన రాష్ట్రమున నేటికిని పాడుచున్నారు. అట్టి కచేరీలో వయొలిను గాయకుని నీడవలె వెంబడించును గనుక, వేరుచేసిన గొంతులో దాని ఛాయ మిగిలిపోవచ్చును. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. శ, ష, స ల ఊదుడు ధ్వనియు తాళముల మ్రోతయు హెచ్చు స్థాయిలోనే యుండుటచే యంత్రము ఒకదానితో పాటు మరొకదానిని చెరుపవచ్చును. స్ప్లీటరైతే మామూలు అమరికలో 11 కిలోహెర్ట్జులకు మించిన ధ్వనిని విడిచిపెట్టును. మనము నేర్వగోరిన అక్షరములే ఇట్లు దెబ్బతినును. కావున యంత్రపు లోపమును గాయకుని ఉచ్చారణగా నేర్వరాదు. వేరుచేసిన గొంతును, అసలు పాటను ఒకదాని వెంట నొకటి వినవలెను. సందేహము కలిగినచోట తెలుగు పంతులుగారి నడుగవలెను.

తల్లిదండ్రులకు మరియొక విన్నపము. పలువురి ఇండ్లలో అవ్వతాతల పాటల క్యాసెట్టులు నేటికిని మూలబడి యుండును. పెండ్లిపాట వెనుక డోలు, మంగళహారతి వెనుక గంట, మాటలు వినబడనీయక అడ్డుపడుచుండును. వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, గొంతును వేరుచేసి, మాటలను వ్రాసికొనుడు. మన ప్రాంతపు తెలుగు మాటలు పుస్తకములకంటె ఆ గొంతులలోనే హెచ్చుగ నిలిచియున్నవి. అసలు ప్రతిని మాత్రము చెరుపకుడు. రేపు ఇంతకంటె మంచి యంత్రము రావచ్చును. ఇంటివారి గొంతును ఎవరిదో తెలియని చోటికి పంపక, స్వంత కంప్యూటరులోనే ఈ పని చేసికొనుట మేలు. ఆలస్యమైనను అది మన చేతిలో నుండును.

హద్దును కూడ తెలిసికొనవలెను. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము స్వంత అభ్యాసమునకు న్యాయమైన వాడుకను అనుమతించుచున్నది. దానిని పదిమందికి పంచుట వేరు సంగతి. వేరుచేసిన గొంతునుండి ఆ గాయకుడు పాడని పాటను పుట్టించుటయు నేడు సాధ్యమే. 2024లో ఏ. ఆర్. రహమాన్ గతించిన ఇద్దరు గాయకుల గొంతులను అట్లు వాడినపుడు, వారి కుటుంబముల అనుమతి పొంది, ప్రతిఫల మిచ్చితినని ప్రకటించెను. అనుమతి లేని గొంతు పరుల సొమ్మని పిల్లలకు ఇప్పుడే తెలుపవలెను.

విద్యార్థులారా! వారమునకు ఒక్క పాటను ఎన్నుకొని, అందలి గొంతును వేరుచేసి వినుడు, విన్నదానిని వ్రాయుడు, వ్రాసినదానిని బిగ్గరగ చదువుడు. పిమ్మట వాద్యములతో కూడి మనసార పాడుకొనుడు. మన భాష ఇచ్చట నిలుచుట చట్టములపై కొంత ఆధారపడి యుండవచ్చును; మన నాలుకపై అంతకంటె హెచ్చుగ ఆధారపడియున్నది.