బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారా?

“సార్, బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగైతనా? అట్లయితే చదువు బంద్ చేసి ఆటే ఆడుకుంట” అన్నాడు నాచారంలో మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు.

పిల్లలూ! జామకాయ కోయడానికి ఇంట్లో పొడుగువాణ్ణే పంపుతారు. కాయ కోయడంవల్ల వాడు పొడుగు కాలేదు కదా! ఇదీ అంతే. బుట్ట 3.05 మీటర్ల ఎత్తున వుంటుంది గనుక జట్లు పొడుగువాళ్లనే ఏరుకుంటాయి. ఎత్తును నిర్ణయించేవి ముఖ్యంగా వంశపారంపర్యం, పోషణ. పొడవాటి ఎముకల కొసల్లోని పెరుగుదల మృదులాస్థి పూర్తిగా ఎముకగా మారాక ఎంత ఎగిరినా ఎత్తు పెరగదు.

ఎత్తొక్కటే చాలదు కూడా. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ అమెరికాలో ఎన్‌బిఎ పోటీల్లో 1987 నుంచి 2001 దాకా ఆడాడు. 7 అడుగులు దాటిన పంజాబు కుర్రాడు సత్నాం సింగ్ 2015లో అక్కడి డల్లాస్ జట్టుకు ఎంపికై, ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడయ్యాడు. అయినా ఎన్‌బిఎ లీగులో ఒక్క మ్యాచి ఆడే అవకాశం రాలేదు. తర్వాత కుస్తీలో చేరాడు.

మన దేశంలో ఎందరో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు కూడు పెట్టేది రైల్వే, ఓఎన్‌జిసి, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు వంటి సంస్థల్లో ఉద్యోగాలే. ముప్పై అయిదేళ్లు దాటాక ఆడేవారు తక్కువ. మోకాలు దెబ్బతింటే ఇంకా ముందే ఆగాలి. మిగతా జీవితానికి చదువే ఆసరా.

ఆట మాన్పించే తల్లిదండ్రులదీ పొరపాటే. ఉప్పల్‌లో పెద్ద క్రికెట్ స్టేడియం వుంది, సంతోషం. ప్రతి బడిలో ఒక బుట్ట, చదునైన నేల వుంటే నాకు ఇంకా సంతోషం. సాయంత్రం బంతి పట్టండి, పుస్తకం మాత్రం వదలకండి!