ఆరుగురు జడ్జీలు, ఎనభై లక్షల జనం

అమెరికాలో ఎక్కడో ఒక జిల్లా జడ్జి ప్రభుత్వ ఉత్తర్వుపై స్టే ఇస్తారు. మర్నాడు మన పత్రికల్లో ‘ట్రంప్‌కు కోర్టు షాక్’ అన్న శీర్షిక పడుతుంది. దాని వెనకే ఒక ప్రశ్న వస్తుంది: ఈ జడ్జిని నియమించిందెవరు? అక్కడి పత్రికలదీ ఇదే వరస. ఒబామా జడ్జీలు, ట్రంప్ జడ్జీలు అంటూ ఎవరూ లేరని 2018లో ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ల వాదులాటలో ఒక్క అంకె మాత్రం ఎవరి నోటా వినబడదు. కాలిఫోర్నియా తూర్పు జిల్లా ఫెడరల్ కోర్టుకు 1978లో ఉన్న జడ్జి పోస్టులు ఆరు. ఇప్పటికీ ఆరే.

అప్పట్లో ఆ జిల్లా జనాభా సుమారు 25 లక్షలు. ఇప్పుడు 80 లక్షలు దాటింది. పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కో ఉన్న ఉత్తర జిల్లాలోనూ దాదాపు అంతే జనం. అక్కడ పోస్టులు 14.

ఆ ఆరుగురి ముందుకు ఏమేం వస్తాయో చూడండి. ఆరెగాన్ సరిహద్దు నుంచి బేకర్స్‌ఫీల్డ్ దాకా 34 కౌంటీలు వారి పరిధి. ప్రధాన కోర్టులు సాక్రమెంటోలో, ఫ్రెస్నోలో. సెంట్రల్ వ్యాలీ రైతులకు కాలువ నీళ్లు వదలాలా, డెల్టాలో అంతరించిపోతున్న స్మెల్ట్ చేప కోసం ఆపాలా అన్న తగాదా ఏళ్లపాటు ఫ్రెస్నో కోర్టులోనే నలిగింది. రాష్ట్ర జైళ్లలో పెద్ద భాగం ఈ జిల్లాలోనే ఉన్నందువల్ల ఖైదీల పిటిషన్లు కుప్పలుగా పడతాయి. జైళ్లలో మానసిక రోగుల వైద్యంపై 1990లో దాఖలైన కేసు మూడు దశాబ్దాలు దాటినా ఆ కోర్టు పర్యవేక్షణలోనే సాగుతోంది. సాక్రమెంటో శివారు ఫాల్సమ్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకూ ఇదే కోర్టు. పౌరసత్వ ఇంటర్వ్యూ అయిన 120 రోజుల్లో అధికారులు ఏదీ తేల్చకపోతే, చట్టం ప్రకారం తలుపు తట్టాల్సింది జిల్లా కోర్టునే. తట్టగానే తలుపు తీసే మనిషి అక్కడ ఉండాలి కదా.

2020 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. అప్పటికి ఆరింటిలో రెండు పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఫ్రెస్నోకు మిగిలిన జడ్జి డేల్ డ్రోజ్డ్, ఇది న్యాయపరమైన అత్యవసర పరిస్థితి అంటూ ఒక స్థాయీ ఉత్తర్వు జారీ చేశారు. సివిల్ పిటిషన్లను మౌఖిక వాదనలు లేకుండా కాగితాల మీదే తేలుస్తానన్నారు. ఆయన చేతిలో ఇంకేముంది? నిందితుడిని 70 రోజుల్లో విచారణకు తేవాలని 1974 నాటి చట్టం గడువు పెట్టింది. సివిల్ కేసుకు అలాంటి గడువేదీ లేదు. కాబట్టి పక్కకు జరిగేది ఎప్పుడూ సివిల్ కేసే. ఉద్యోగం పోయిందనో, పోలీసులు కొట్టారనో వచ్చినవాడే ఎదురుచూస్తాడు. మెజిస్ట్రేట్ జడ్జీలున్నారు కదా అనేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. సివిల్ కేసులో వాళ్లు తుది తీర్పు ఇవ్వాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. ఆలస్యమే లాభమైన పక్షం ఎందుకు ఒప్పుకుంటుంది?

మందు చేతికందే దాకా వచ్చి జారిపోయింది. దేశవ్యాప్తంగా 66 పోస్టులను విడతలవారీగా 2035 దాకా సృష్టించే బిల్లును 2024 ఆగస్టులో సెనేట్ ఏకగ్రీవంగా ఆమోదించింది. అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో తెలియకముందే ఓటేస్తే ఎవరికీ పేచీ ఉండదన్నది అందులోని కిటుకు. రిపబ్లికన్ల చేతిలోని ప్రతినిధుల సభ ఎన్నికల ఫలితం చూసుకుని, డిసెంబర్ 12న 236–173 ఓట్లతో దాన్ని నెగ్గించింది. డిసెంబర్ 23న బైడెన్ వీటో చేశారు. పోస్టుల పంపకంపై ప్రశ్నలు మిగిలాయని ఆయన అన్నారు. ఉన్న ఖాళీలనే నింపనివ్వని సెనేటర్లు కొత్తవి అడగడం పని భారం చూసి కాదనీ అన్నారు. సభ చేసింది తొండే, ఒప్పుకుంటాను. కానీ ఆ తొండికి శిక్ష పడింది ఎవరికి? తూర్పు జిల్లా కక్షిదారుకు. 1978లో ఆరు, వీటో నాడూ ఆరు.

మన దగ్గర పెండింగ్ కేసుల గురించి గొప్పలు చెప్పుకునే స్థితి లేదు. అయినా ఒక మాట చెప్పాలి. 2021లో జస్టిస్ ఎన్.వి.రమణ చొరవతో తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్య 24 నుంచి 42కు పెరిగింది. మన హైకోర్టుల్లో ఎందరుండాలో నిర్ణయించడానికి పార్లమెంటులో చట్టం అక్కర్లేదు. అమెరికాలో ఒక్క జిల్లా కోర్టులో ఒక్క పోస్టు పెంచాలన్నా కాంగ్రెస్ చట్టం చేయాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి. జిల్లా కోర్టులకు సమగ్రంగా పోస్టులు పెంచిన చివరి చట్టం వచ్చింది 1990లో. తూర్పు జిల్లాకు కొత్త పోస్టులు కావాలని న్యాయవ్యవస్థే మళ్లీమళ్లీ అడుగుతున్నా సమాధానం లేదు.

కాబట్టి జడ్జి ఎవరి మనిషి అన్న చర్చతో నాకు పేచీ ఉంది. అది అనవసరమని కాదు. ఆ చర్చ నడిపే రెండు పార్టీలూ దాని చాటున ఒకే పని చేస్తున్నాయి. కొత్త కుర్చీలో తమవాడు కూర్చుంటాడన్న హామీ లేకపోతే కుర్చీయే వద్దంటున్నాయి. ఒకరు ఫలితం వచ్చేదాకా ఓటు ఆపారు, ఇంకొకరు ఫలితం చూసి వీటో చేశారు. రాజ్యాంగ విలువల గురించి ఆ ఇద్దరూ చేసే ప్రసంగాలు ఇక చాలు. ఫ్రెస్నో కోర్టు బయట ఏళ్ల తరబడి వాయిదా కోసం కూర్చున్న మనిషికి ఒక్క జవాబు చెప్పండి: 25 లక్షల మందికి మీరే కేటాయించిన ఆరుగురినే 80 లక్షల మందికి సర్దుకోమనడానికి మీకున్న కారణమేమిటి?