రమ్ తీసేశారు సరే, పంచదార సంగతేంటి?

మన ఆఫీసుల చుట్టుపక్కల ఉండే జ్యూస్ సెంటర్లలో, జిమ్ పక్కన కేఫుల్లో మెనూ కార్డు తిరగేస్తే ఎక్కడో ఒకచోట "వర్జిన్ పినా కొలాడా స్మూతీ" అని కనబడుతుంది. పక్కన ఆకుపచ్చ రంగులో ఓ చిన్న ఆకు బొమ్మ కూడా ఉంటుంది. ఆ ఆకుని చూసి మనవాళ్ళు కూల్ డ్రింకు మానేసి ఇది తాగుతుంటారు. ఆల్కహాల్ లేదు, పళ్ళున్నాయి, కాబట్టి ఆరోగ్యానికి మంచిది. ఇదీ లాజిక్కు. నా పేచీ అంతా ఈ లాజిక్కుతోనే.

ముందు అసలు సరుకు సంగతి. పినా కొలాడా పుట్టిల్లు కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో. దాని రాజధాని శాన్ హువాన్‌లో ఉన్న కరీబ్ హిల్టన్ హోటల్ వాళ్ళేమో 1954లో మా బార్‌టెండర్ రమోన్ మరేరో దీన్ని కనిపెట్టాడంటారు. అదే ఊళ్ళో బర్రచీనా అనే రెస్టారెంటు వాళ్ళు, కాదు కాదు 1963లో మా దగ్గరే పుట్టింది అని ఏకంగా గోడకి ఫలకమే పెట్టుకున్నారు. మన బిర్యానీ గొడవల్లాంటిదే అన్నమాట :) ఎవరు కనిపెడితేనేం, 1978లో ప్యూర్టో రికో దాన్ని తమ అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. ఆ మరుసటేడు రూపర్ట్ హోమ్స్ పాట ఒకటి వచ్చి, అది తాగని వాళ్ళ నోళ్ళలో కూడా ఆ పేరు నానేలా చేసింది.

ఈ కథలో నాకు పనికొచ్చేవి రెండు విషయాలు. ఒకటి పేరు. స్పానిష్‌లో పీన్యా అంటే అనాస, కొలాడా అంటే వడకట్టినది. పిప్పి తీసి పారేసిన అనాస రసం అని పేరులోనే చెప్పేశారు. రెండోది కొబ్బరి. కొబ్బరి కోరి, రుబ్బి, గుడ్డలో వేసి పాలు పిండటం ఎంత చాకిరీయో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళనడిగితే చెప్తారు. అక్కడ రమోన్ లోపెజ్ ఇరిసారీ అనే ప్రొఫెసర్ ఒకాయన ఈ చాకిరీ తప్పించడానికి కొబ్బరి మీగడలో పంచదార కలిపి డబ్బాలో పెట్టే పద్ధతి కనిపెట్టాడు. కోకో లోపెజ్ అన్న పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. పినా కొలాడాకి ఆ నున్నదనం, ఆ తీపి చాలావరకు ఆ డబ్బాలోంచి వచ్చినవే.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం వాళ్ళ ప్రకారం ఒక గ్లాసుకి 50 మి.లీ. తెల్ల రమ్ము, 30 మి.లీ. కొబ్బరి క్రీము, 50 మి.లీ. తాజా అనాస రసం పోయాలి. మామూలు రమ్ము 50 మి.లీ.లో సుమారు 110 క్యాలరీలుంటాయి. చక్కెర మాత్రం ఉండదు. ఆ రమ్ము తీసేస్తే ఆ 110 క్యాలరీలు పోతాయి, లివరు సంతోషిస్తుంది, రాత్రి బండి తోలుకుని ఇంటికెళ్ళొచ్చు. ఇవన్నీ మంచివే, కాదనను. కానీ మిగతాదంతా అలాగే ఉంది కదా! వడకట్టిన రసం, తియ్యటి క్రీము. పైగా రమ్ము తీసేసిన ఖాళీని షాపువాడు ఊరికే వదలడు. సిరప్పుతోనో, ఐస్‌క్రీముతోనో, డబ్బా రసంతోనో నింపుతాడు. కాక్‌టెయిల్ 130 మి.లీ. అయితే దాని "ఆరోగ్యకరమైన" తమ్ముడు 400 మి.లీ. గ్లాసులో వస్తాడు. దీన్ని రిఫాక్టరింగ్ అనరు. ఒక మాడ్యూల్ డిలీట్ చేసి, పాత బగ్గుల్ని మూడింతలు చేసి రిలీజ్ చేయడం అంటారు.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి ఇంకో చిక్కుంది. సూపర్ మార్కెట్లో కోకోనట్ క్రీమ్ అని ఒకటి, క్రీమ్ ఆఫ్ కోకోనట్ అని ఇంకొకటి దొరుకుతాయి. రెంటికీ తేడా పదాల వరస మాత్రమే అనుకుంటాం. మొదటిది మామూలుగా తీపి లేని చిక్కటి కొబ్బరి మీగడ, రెండోది పంచదార పాకంలాంటిది. డబ్బా వెనక్కి తిప్పి, పదార్థాల పట్టికలో పంచదార ఎన్నో స్థానంలో ఉందో చూడకుండా బుట్టలో వేసుకోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం విడి చక్కెరల నుంచి వచ్చే క్యాలరీలు రోజు మొత్తంలో 10 శాతానికి లోపు ఉండాలి, 5 శాతం లోపయితే ఇంకా మంచిది. రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి ఆ 5 శాతం అంటే 25 గ్రాములు. విడి చక్కెరలంటే పంచదార ఒక్కటే కాదు, తేనె, సిరప్పులు, పళ్ళ రసాల్లో ఉండే చక్కెర కూడా అందులోకే వస్తుంది. 200 మి.లీ. అనాస రసంలోనే 20 గ్రాములదాకా చక్కెర ఉంటుంది. "నేచురల్" కదా అని ఓ పెద్ద చెంచాడు తేనె వేస్తే ఇంకో 17 గ్రాములు. క్రీము ఇంకా పోయనేలేదు. అప్పుడే మన కోటా దాటిపోయింది.

ఇక హెల్త్ డ్రింక్ అన్న మాట సంగతి. మన దేశపు 2006 ఆహార భద్రతా చట్టంలో ఆ మాటకి అసలు నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్రం, ఆన్‌లైన్ షాపుల్లో ఆ శీర్షిక కింద పెట్టిన పానీయాలని అక్కణ్ణుంచి తీసేయమంది. కేఫు మెనూలో ఆకు బొమ్మకి ఆమాత్రం అజమాయిషీ కూడా లేదు.

దీనికింత గొడవెందుకంటారా? 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. రోజుకి పది గంటలు కుర్చీకి అతుక్కుపోయే మన జాతి ఆ గుమ్మానికి ఎంత దూరంలో ఉందో కంపెనీ వాళ్ళు చేయించే హెల్త్ చెకప్ రిపోర్టులే చెప్తాయి. మా టీములో ఒకాయన, వయసు ముప్పై నాలుగు, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చిందని టిఫిను మానేసి రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు స్మూతీ తాగడం మొదలెట్టాడు. ఇడ్లీలో పిండిపదార్థం ఉంటుందట! ఆయన్నేం అనగలం, ఆ గ్లాసు మీద హెల్తీ అని రాసుంది మరి.

నేననేది స్మూతీ మానెయ్యమని కాదు. అనాసా కొబ్బరీ అద్భుతమైన జోడీ. ప్యూర్టో రికో వాళ్ళకి ఆ విషయంలో దణ్ణం పెట్టాలి. వాళ్ళ దగ్గర్నుంచి ఆ జోడీని, ఆ చల్లదనాన్ని తీసుకుందాం. వడకట్టడాన్ని, డబ్బాని వదిలేద్దాం. కోనసీమ కొబ్బరి, సీతంపేట ఏజెన్సీ అనాస ఉన్న రాష్ట్రం వాళ్ళం, డబ్బా క్రీము కొనుక్కోవడమేంటి చోద్యం కాకపోతే.

నా పద్ధతి ఇదీ. బాగా పండిన అనాసని చెక్కి, కళ్ళు తీసి, ముక్కలు కోసి ముందు రోజు రాత్రే ఫ్రీజర్లో పెట్టెయ్యాలి. అప్పుడు ఐసు అక్కర్లేదు, రుచి నీళ్ళబారదు. మనిషికి 150 గ్రాముల ముక్కలు, 20 గ్రాముల పచ్చికొబ్బరి కోరు, 100 గ్రాముల గట్టి పెరుగు. ముందు కొబ్బరిని రెండు చెంచాల నీళ్ళతో మెత్తగా తిప్పుకోవాలి, లేకపోతే పంటి కింద పిప్పి తగులుతుంది. తర్వాత మిగతావి వేసి మిక్సీ తిప్పడమే. నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఉప్పు. వడకట్టొద్దు. ఉప్పెందుకంటే, బండిమీద అనాస ముక్కలకి ఉప్పూకారం అద్ది ఇచ్చేవాణ్ణి అడగండి. పుల్లటి కాయ కూడా ఉప్పు తగిలితే తియ్యగా అనిపిస్తుంది. పైన కాస్త జాజికాయ అరగదియ్యండి. పినా కొలాడాకి వరసకి తమ్ముడయ్యే పెయిన్‌కిల్లర్ అనే కాక్‌టెయిల్లో అలాగే వేస్తారు. రమ్ము లేని లోటు ఆ వాసన సగం తీరుస్తుంది. మొత్తం సుమారు 200 క్యాలరీలు, విడిగా వేసిన తీపి సున్నా. కొబ్బరిలో సంతృప్త కొవ్వు ఉంటుంది కాబట్టి 20 గ్రాముల దగ్గర చెయ్యి ఆపాలి. అరటిపండు వెయ్యమంటారు చాలామంది. చిక్కదనం వస్తుంది నిజమే గానీ ఇక ఆ గ్లాసులో అరటిపండు తప్ప ఏదీ వినబడదు.

ఒక హెచ్చరిక. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలూ పెరుగుల్లోని ప్రొటీన్లని ముక్కలు చేసేస్తుంది, కాసేపటికి చేదెక్కుతుంది. ఫ్రీజర్లో పెట్టినంత మాత్రాన అది చావదు, ఉడికిస్తేనే చస్తుంది. అందుకే ఇది చేసిన వెంటనే తాగాల్సిన సరుకు. పొద్దున్న చేసి సీసాలో పోసుకుని స్టాండప్ మీటింగయ్యాక తాగుదామంటే కుదరదు. అలా తీసుకెళ్ళక తప్పదంటే పెరుగు మానేసి, కొబ్బరి కాస్త పల్చగా రుబ్బి పోసుకోండి.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పకపోతే నేనూ ఆ కేఫువాడి జట్టే అవుతాను. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ వాళ్ళు రసమైనా, స్మూతీ అయినా రెండూ కలిపి రోజుకి 150 మి.లీ. దాటొద్దంటారు. మిక్సీలో తిరిగిన పండు చక్కెరని వాళ్ళు విడి చక్కెర కిందే లెక్కేస్తారు. ఆ లెక్కన పైన నేను చెప్పిన గ్లాసు కూడా ఎక్కువే. షుగరున్నవాళ్ళు ఇలాంటివి డాక్టరునడిగి తాగడమే మేలు. మాలాంటి మిగతావాళ్ళకి వారానికి రెండుసార్లు, అది కూడా టిఫినుకి తోడుగా కాకుండా సాయంత్రం సమోసాకి బదులుగా అన్నది నేను పెట్టుకున్న హద్దు. అంటే ఒక అనాసకాయ తెస్తే సగం మిక్సీలోకి వెళ్తుంది. మిగతా సగం ఉప్పూకారం చల్లుకుని నమిలి తినడానికే.