మైస్టర్ అంటే మేస్త్రి, మాస్టారు కూడా

ఈసారి మన మాట "మేస్త్రి". ఇది పోర్చుగీసు "మెస్త్రె" నుంచి తెలుగులోకి వచ్చింది. "మాస్టారు" ఇంగ్లీషు మాస్టర్ నుంచి వచ్చింది. జర్మన్‌లో "మైస్టర్" ఉంది. మూడింటికీ మూలం ఒకటే, లాటిన్ "మగిస్టర్". అంటే ఇవి అక్కచెల్లెళ్ళ పిల్లల్లాంటి మాటలు. కానీ మన ఇళ్ళల్లో మాస్టారికి కుర్చీ వేస్తాం, మేస్త్రిని గుమ్మం దగ్గరే నిలబెడతాం.

నేను పుట్టి పెరిగింది జర్మనీలో. మూడున్నరేళ్ళు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, పరీక్ష రాసి "గెజెలె" అయ్యాను. అంటే పని వచ్చినవాడు. ఇప్పుడు మైస్టర్ పరీక్షకి చదువుతున్నాను.

ఆ పరీక్షలో నాలుగు భాగాలుంటాయి. ఒకటి, చేత్తో పని చేసి చూపించడం. రెండు, ఆ పని వెనకున్న శాస్త్రం. మూడు, లెక్కలు, వ్యాపారం, చట్టం. నాలుగు, కొత్తవాళ్ళకి పని నేర్పడం. నాకు బాగా నచ్చింది ఈ నాలుగోదే. పని వస్తే చాలదు, నేర్పడం కూడా రావాలి. అందుకే మైస్టర్‌లో మేస్త్రీ ఉన్నాడు, మాస్టారూ ఉన్నాడు.

2020 జనవరి నుంచి మైస్టర్ పాసైనవాళ్ళు "బ్యాచిలర్ ప్రొఫెషనల్" అని కూడా రాసుకోవచ్చు. జర్మన్ అర్హతల పట్టికలో ఎనిమిది మెట్లున్నాయి. మైస్టర్, యూనివర్సిటీ బ్యాచిలర్ డిగ్రీ రెండూ ఆరో మెట్టు మీదే ఉన్నాయి. సమానమే, కానీ రెండూ ఒకటి కాదు.

ఈ కొత్త పేరు వినగానే అమ్మ సంతోషించింది. "పెళ్ళి బయోడేటాలో అదే రాయి, నాన్నా" అంది.

అమ్మ మాటలో కొంత న్యాయం ఉంది. జర్మనీ దాటితే మైస్టర్ అంటే చాలామందికి తెలీదు. వేరే దేశంలో ఉద్యోగానికి ఆ ఇంగ్లీషు పేరు పనికొస్తుంది. అక్కడ నేనూ వాడతాను. కానీ చుట్టాల దగ్గర దాని వెనక దాక్కోవడం నాకు ఇష్టం లేదు. "బ్యాచిలర్" అనగానే వాళ్ళకి కాలేజీ కనిపిస్తుంది. నా చేతులు కనిపించవు. ఆ పేరు నేను ఎవరితో సమానమో చెబుతుంది. మైస్టర్ అన్న పేరు నేను ఎవరినో చెబుతుంది.

గౌరవం కోసం పేరు మార్చుకుంటే, పాత పేరుకి గౌరవం లేదని మనమే ఒప్పుకున్నట్టు. మార్చాల్సింది మనం ఆ పేరు పలికే తీరు. "మేస్త్రిగారూ" అని పిలిచేవాళ్ళు మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. తెలుగు నేర్చుకుంటున్న మనం ఈ మాటని ఆ "గారు"తో కలిపే నేర్చుకుందాం.

పరీక్ష పాసైతే నా వ్యాన్ మీద "మైస్టర్" అని రాయిస్తాను. బయోడేటాలో మాత్రం తెలుగులోనే రాస్తాను: ఎలక్ట్రికల్ మేస్త్రి.