కోటుకు ఎన్ని మార్కులు?

ఈ కాలపు పిల్లలు కంప్యూటరు మీద ఆడే ఆటల్లో బతికి బయటపడే ఆటలని ఒక తెగ వుంది. మంచు కొండల్లోనో ఎడారిలోనో ఒంటరిగా చిక్కుకున్నవాడు తిండీ నీళ్లూ నిప్పూ సంపాదించుకుని తెల్లవారేదాకా ప్రాణం నిలుపుకోవాలి. అందులో ఒంటిమీది బట్టకు కూడా మార్కులుంటాయి. ఆ మార్కులు వేసేవాడి కష్టం సామాన్యమైనది కాదు.

చాలా ఆటల్లో ఆ పని తేలిగ్గా కానిచ్చేస్తారు. పల్చని కోటుకు అయిదు, మందపు కోటుకు పది, ఇనుప కవచానికి ఇరవై. ఇంకేం, ఆడేవాడు ఇరవై వున్నదే తగిలించుకుంటాడు. తక్కినవి మూల పడేస్తాడు. మే నెల ముహూర్తానికి బరువైన జరీచీర కట్టుకుని హోమం ముందు కూర్చున్న పెళ్లికూతురి నడగండి, బట్టకు రెండో లెక్క కూడా వుంటుందని చెబుతుంది.

బట్టల వెచ్చదనం కొలవడానికి 1941లో గాగీ, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ‘క్లో’ అనే కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో, గాలి అంతగా ఆడనిచోట, ఊరికే కూర్చున్న మనిషిని సుఖంగా వుంచే దుస్తులు ఒక క్లో. ఇంచుమించు పూర్తి సూటన్నమాట. చిక్కంతా ఆ ‘ఊరికే కూర్చున్న’ అన్న మాటలో వుంది. మనిషి లేచి నడిస్తే ఒంట్లో వేడి రెండు మూడింతలవుతుంది. చెమట పడుతుంది. బట్టలో వెచ్చదనాన్ని పట్టి వుంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి వుండవలసిన చోట నీరు చేరితే, నీరు గాలికన్న సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కాబట్టి చలిలో పరుగెత్తి చెమట పట్టించుకుని ఆగినవాడికే అసలు ముప్పు.

1911లో అంటార్కిటికా నడిశీతాకాలంలో, పెంగ్విన్ గుడ్ల కోసం బయలుదేరిన ముగ్గురిలో చెర్రీ గరార్డ్ ఒకడు. చలి సున్నాకు 60 డిగ్రీల దిగువకు కూడా పోయింది. ఒకనాటి ఉదయం ఆయన డేరాలోంచి బయటికొచ్చి తలెత్తి చుట్టూ చూశాడు. తల మళ్లీ దించుదామంటే రాలేదు! చెమట ఇంకిన బట్టలు కొన్ని సెకన్లలోనే రేకులా బిగుసుకుపోయాయి. నాలుగు గంటలపాటు మెడ అలాగే నిక్కపెట్టుకుని బండి లాగాడు. ఏ ఆటలోనైనా ఈ శిక్ష పెడితే పిల్లలు అన్యాయమని గోల పెడతారు.

కవచం సంగతి చూడండి. 2011లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంవారు పాతకాలపు ఉక్కు కవచాల నమూనాలు తొడిగి మనుషులను నడిపించి చూశారు. మామూలు నడకకన్న రెండింతలకు పైగా శక్తి ఖర్చయింది. అంత బరువే వీపున మూటగా మోస్తే ఇంత శ్రమ లేదు. కాళ్లకు కట్టిన ఇనుమును అడుగడుగునా ఎత్తి ఊపాలి కదా! అంటే బరువు ఎంత అన్నది చాలదు, ఎక్కడ అన్నది కూడా లెక్కలోకి రావాలి.

2017లో పూర్తిరూపంలో వచ్చిన ‘ది లాంగ్ డార్క్’ అనే కెనడా ఆటలో వెచ్చదనం, గాలికి అడ్డు, తడికి అడ్డు, బరువు వేరువేరుగా లెక్కిస్తారు. తడిసిన బట్ట గడ్డకడుతుంది కూడా. అలాగని మరీ కరణంగారి చిట్టాలా చేస్తే ఎవరాడతారు? ఉన్నికోటు ఆరేదాకా నిజంగా గంటల తరబడి కూర్చోమనలేం. కాలం కుదించుకోవచ్చు, తడి కోటు పొడి కోటుకన్న వెచ్చగా వుందనకూడదు.

ఇవన్నీ చలిదేశాల లెక్కలే. ఎండదేశపు లెక్క 2020లో కోవిడ్ వార్డుల్లో మన నర్సులకు తెలిసింది. క్రిమిని లోపలికి రానివ్వని సూటు చెమటను బయటికి పోనివ్వదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! విప్పితే మళ్లీ తొడుక్కోవడం కష్టమని గంటల తరబడి నీళ్లు కూడా తాగనివారున్నారు. పత్తిచేలో మందు కొట్టే రైతు ముఖానికి కట్టుకున్న గుడ్డ లాగేసేదీ ఈ ఉక్కకే. మనవాళ్లెవరైనా అటువంటి ఆట తయారుచేస్తే, ఆ సూటు ఎంత కాపాడుతుందన్న అంకె పక్కనే, దాన్ని ఎన్ని నిమిషాలకు విప్పి పారేయాలనిపిస్తుందన్న అంకె కూడా వేయవలసి వుంటుంది.