అడ్జస్ట్ చేసేవారు, అడ్జస్ట్ అయ్యేవారు

కర్నూలులో బస్సెక్కి ఆలంపూర్‌కు బయలుదేరితే, ముగ్గురు కూర్చున్న సీటు వద్దకు నాలుగవ మనిషి వచ్చి, "కొంచెం అడ్జస్ట్ కాండి" అంటాడు. ముగ్గురూ తలా కొంత జరుగుతారు. తుంగభద్ర వంతెన దాటి చౌరస్తా చేరేలోగా ఆ నలుగురికీ ఏదో ఒక చుట్టరికం కూడా తేలుతుంది.

ప్రియ పాఠకులారా, ఈ నెల మా ఆలోచన ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది. ఇంగ్లీషు అక్షరం ఎరుగని వృద్ధులు సైతం దానిని సొంత మాటవలె వాడుతున్నారు. చిల్లర లేని దుకాణదారు రేపటికి అడ్జస్ట్ చేస్తానంటాడు. మెకానిక్ బ్రేకును, దర్జీ జుబ్బా భుజాన్ని అడ్జస్ట్ చేస్తారు. నెలాఖరున మిత్రుడు వచ్చి, "ఒక వెయ్యి అడ్జస్ట్ చేయగలరా?" అని అడిగితే అది అప్పు అని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ పేరు పలకరు. ఉపాధ్యాయులు చాలని సర్కారు బడికి మరొక బడి నుండి మనిషిని పంపితే అది 'వర్క్ అడ్జస్ట్‌మెంట్'. మా మదర్సాలో ఒక ఉస్తాద్ సెలవు పెట్టినప్పుడు రెండు తరగతులు ఒకే గదిలో చేరడం కూడా అదే.

మా అమ్మాయి పెద్ద నిఘంటువు తిరగవేసి దీని పుట్టుక చెప్పింది. లాటిన్‌లో 'జుక్స్టా' అంటే దగ్గర. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. దగ్గరకు చేర్చడం దాని తొలి అర్థం. న్యాయం అనే అర్థమున్న 'జస్ట్' తో పోలిక ఉండటం వల్ల, కాలక్రమంలో సరిచేయడం అనే భావం కూడా దానికి అంటుకొన్నది.

మన తెలుగులో ఈ మాట ఒంటరిగా నిలవదు. దాని ప్రక్కన 'చేయడం' గాని 'కావడం' గాని చేరాలి. చిక్కంతా అక్కడే ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, మా ఆలంపూర్‌ను ముంచినప్పుడు మేము పదకొండు మందిమి మెట్టమీది బంధువుల ఇంట తలదాచుకొన్నాము. రెండు గదుల ఇల్లు. ఆ ఇంటివారు అడ్జస్ట్ అయ్యారు. కమ్మని వారికి ఎవరూ చెప్పలేదు.

గత నెలలో ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. పెళ్లయి రెండేళ్లు. "హజ్రత్, మీరైనా చెప్పండి దీనికి, కొంచెం అడ్జస్ట్ కమ్మని" అన్నది. ఆ మాట మా నోటి చివరనే సిద్ధంగా ఉన్నది. ఇదివరకు అదే మాటతో ఎందరు ఆడబిడ్డలను తిప్పి పంపామో లెక్క చెప్పలేము. ఈసారి ఎందుకో, ఏమి జరిగిందని ముందుగా అడిగాము.

మహర్‌గా ఇచ్చిన రెండు తులాల గొలుసును అత్తవారు ఆటో కిస్తీల కోసం కుదువపెట్టారట. (దానిపై పెరిగే వడ్డీ సంగతి మరొక నెల వ్రాస్తాము.) పెట్టె తెరిస్తే గొలుసు లేదు. అడిగితే, "బండి కిస్తీకి అడ్జస్ట్ చేసినాము" అన్నారు. ఆ పిల్ల మా వైపు చూడకుండానే, "అడ్జస్ట్ చేసింది వాళ్లు హజ్రత్. కావలసింది నేనా?" అన్నది.

ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న మాకు వెంటనే జవాబు రాలేదు.

భార్యలకు మహర్‌ను సంతోషంగా చెల్లించాలనీ, అందులో కొంత వారు తమంతట తాము మనస్ఫూర్తిగా వదులుకొంటేనే భర్త అనుభవించవచ్చుననీ సూరె నిసా నాలుగవ ఆయతు తెలుపుతున్నది. అంటే ఆమె ఇష్టాన్ని తెలుసుకోవాలి. ఖాళీ పెట్టె చూపించి తెలియజేయడం అడగడం కాదు.

సహీహ్ బుఖారీలోని హజ్రత్ బరీరా (రజి) వృత్తాంతం కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. బానిసత్వం నుండి విముక్తి పొందిన ఆమెకు, బానిసగానే ఉన్న భర్త ముగీస్ (రజి)ను విడిచే హక్కు లభించింది. ఆయన గడ్డం తడిసేలా ఏడుస్తూ మదీనా వీధుల్లో ఆమె వెంట తిరిగారు. దైవప్రవక్త (స) జాలిపడి, తిరిగి అతని వద్దకు వెళితే బాగుండునని ఆమెతో అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమేనన్నారు. ఆమె వెళ్లలేదు, ఆయన బలవంతపెట్టలేదు. ఈ హదీసును ఎన్నోమార్లు బోధించిన మేమే, మా వాకిట నిలిచిన ఆడపిల్లలకు సిఫారసును ఆజ్ఞలాగా వినిపించాము.

సహనం వద్దని మా ఉద్దేశం కాదు. ఉప్పు ఎక్కువైందనీ, ఫ్యాను వేగం చాలదనీ పట్టుదలకు పోతే ఏ కాపురమూ నిలవదు. అటువంటి చోట ఇద్దరూ జరగవలసిందే, బస్సు సీటులోవలె.

జుమా నమాజు తరువాత రెండు కుటుంబాల పెద్దలనూ మస్జిదు వరండాలో కూర్చోబెట్టాము. అబ్బాయి చెడ్డవాడు కాడు. తలవంచుకొని, నాన్న శనగ పంట అమ్మగానే గొలుసు విడిపించి ఇస్తానన్నాడు. కాగితం వ్రాయడానికి కలం మాకిచ్చారు. "అడ్జస్ట్ చేసిన గొలుసు అని వ్రాయండి హజ్రత్" అన్నారు అతని చాచా. మేము 'బాకీ ఉన్న గొలుసు' అని వ్రాశాము. ఆయన ముఖం కొంత ముడుచుకొన్నది గాని ఏమీ అనలేదు.

అమ్మాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "తేదీ ఏది హజ్రత్?" అని అడిగింది. తేదీ వేసి ఇచ్చాము.